అధిక ఉష్ణోగ్రతను తట్టుకుంటూ పనికి లొంగే మిశ్రలోహాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కంచన్‌బాగ్, బాలాపూర్ వైపు వెళ్లే దారుల్లో డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల), మిధాని (ప్రత్యేక లోహాల కార్ఖానా), ఏఆర్‌సీఐ (లోహపు పొడులు, కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం) అనే బోర్డులు చూస్తూ పెరిగినవారు హైదరాబాదులో ఎంతోమంది ఉంటారు గాని, ఆ ప్రహరీగోడల వెనుక ఏ లోహం కరుగుతుందో, దానిని ఎందుకు అంత శ్రమపడి కరిగిస్తారో చెప్పగలిగినవారు తక్కువ. ఇంజనీరింగ్ విద్యార్థులు, బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో లేతు పని చేసేవారు, థర్మల్ విద్యుత్ కేంద్రాల ఉద్యోగులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. పైకి వేర్వేరుగా కనిపించినా ఈ ప్రశ్నల్లో చాలావరకు ఒకే చిక్కు చుట్టూ తిరుగుతాయి. మంటలో వంగని లోహం కావాలి, అదే లోహం తయారీ నాడు సమ్మెట కింద వంగాలి కూడా.

అధిక ఉష్ణోగ్రత అంటే ఎన్ని డిగ్రీలు?

అన్ని లోహాలకూ వర్తించే ఒకే అంకె లేదు. లోహం కరిగే ఉష్ణోగ్రతను కెల్విన్లలోకి మార్చి, అందులో సుమారు 40 శాతం దాటిన చోటు నుంచి ఆ లోహానికి అది "అధిక ఉష్ణోగ్రత" అని లెక్కవేస్తారు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్ద, అంటే 600 కెల్విన్ల వద్ద కరుగుతుంది. మన గది ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్లు కాబట్టి సీసం గోడ మీద ఊరికే ఉన్నా సగం దూరం వచ్చేసినట్టే. పాత సీసపు గొట్టాలు ఏళ్ల తరబడి తమ బరువుకు తామే జారి కిందికి వేలాడటానికి కారణం అదే. అల్యూమినియానికి ఈ హద్దు నీళ్లు మరిగే వేడి దగ్గర, ఇనుముకు 450 డిగ్రీల ప్రాంతంలో, నికెల్‌కు 420 డిగ్రీల ప్రాంతంలో వస్తుంది. ఈ లెక్కన చూస్తే, 1100 డిగ్రీల దగ్గర పనిచేసే జెట్ ఇంజను బ్లేడు, అంటే లోపల తిరిగే చక్రపు రెక్క, తాను కరిగే హద్దుకు 85 శాతం దాకా వెళ్లి కూడా ఆకారం చెడకుండా నిలుస్తుందన్నమాట. ఇంజనీరింగులో బరువు మోసే లోహాన్ని అంత అంచు దాకా తీసుకువెళ్లడం చాలా అరుదు.

వేడిలో లోహం ఎందుకు ఓడిపోతుంది?

ఇంట్లో పాత కరెంటు పొయ్యి ఉంటే దాని కాయిల్‌ను ఒకసారి చూడండి. కొత్తలో చుట్లన్నీ సమానంగా ఉంటాయి, కొన్నేళ్లకు అవి అక్కడక్కడ సాగి, గాడిలోంచి పైకి లేచి, ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఆ తీగ మీద ఎవరూ బరువు పెట్టలేదు. ఎర్రగా కాలుతూ ఉన్న తీగ తన బరువుకు తానే రోజుకు కొంచెం చొప్పున సాగింది. దీనినే క్రీప్ అంటారు. చల్లటి లోహం మీద బరువు పెడితే అది ఎంత వంగాలో అంత వంగి ఆగిపోతుంది. వేడి లోహం మాత్రం ఆగదు, అదే బరువు కింద గంటలు, నెలలు, ఏళ్లు సాగుతూనే ఉండి చివరకు తెగిపోతుంది.

లోపల జరిగేది ఇది. లోహం శాశ్వతంగా వంగడమంటే స్ఫటికంలో డిస్లొకేషన్లు అనే లోపరేఖలు జరగడం. చల్లగా ఉన్నప్పుడు వాటికి అడ్డం పడిన కణం దగ్గర అవి ఆగిపోతాయి. వేడెక్కినప్పుడు పరమాణువులు ఖాళీ స్థానాల్లోకి దూకుతూ తిరుగుతాయి కాబట్టి, ఆగిపోయిన రేఖ ఆ అడ్డంకిని మెల్లగా ఎక్కి దాటిపోతుంది. దీనికి తోడు, లోహంలోని చిన్న చిన్న స్ఫటికాలు వాటి సరిహద్దుల వెంట ఒకదాని మీద ఒకటి జారతాయి. ఆ జారే చోట్లనే సన్నటి రంధ్రాలు పుట్టి, కలిసి, పగులుగా మారతాయి. కాబట్టి వేడికి ఓర్చే మిశ్రలోహం చేయాలంటే పరమాణువుల తిరుగుడు నెమ్మదించాలి, అడ్డంకులు కరిగిపోకుండా నిలవాలి, స్ఫటికాల సరిహద్దులు గట్టిపడాలి లేదా అసలు లేకుండా పోవాలి.

టంగ్‌స్టన్ 3422 డిగ్రీల దాకా కరగదు కదా, దానితోనే అన్నీ చేస్తే సరిపోదా?

చాలామందికి మొదట తట్టే ఆలోచన ఇదే, తప్పేమీ కాదు. కానీ బల్బు లోపల టంగ్‌స్టన్ తీగ బతికేది అక్కడ గాలి లేదు కాబట్టి. బల్బు పగిలిన మరుక్షణం అది పొగై మాడిపోతుంది. మాలిబ్డినం సంగతి ఇంకా విచిత్రం. దాని ఆక్సైడు పొరగా నిలవక ఆవిరై ఎగిరిపోతుంది కాబట్టి, లోహం కరగకుండానే తరిగిపోతుంది. పైగా టంగ్‌స్టన్ సాంద్రత 19.3, అంటే నికెల్‌కు రెండింతల కన్నా ఎక్కువ. నిమిషానికి వేల చుట్లు తిరిగే చక్రానికి అంత బరువైన రెక్కలు కడితే ఆ రెక్కలను పట్టుకోలేక చక్రమే చిరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో టంగ్‌స్టన్ పెళుసు కూడా. దానిని తీగగా సాగదీసే పద్ధతిని విలియం కూలిడ్జ్ సాధించేసరికి 1910 వచ్చింది.

ఇలా చాలా ఎక్కువ వేడికి గాని కరగని లోహాల జాతిలో పనికి బాగా లొంగేది నియోబియం. నియోబియంలో 10 శాతం హాఫ్నియం, 1 శాతం టైటానియం కలిపిన సి-103ను రేకుగా చుట్టవచ్చు, వెల్డు చేయవచ్చు. పాత అలవాటు కొద్దీ కొలంబియం మిశ్రలోహం అని పిలిచే దీనితోనే పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ ఇంజన్ల నాజిళ్లు తయారయ్యాయి. అయితే ప్రాణవాయువు సోకకుండా దానికి సిలిసైడ్ పూత తప్పనిసరి. రాకెట్ నాజిల్ పనిచేసేది నిమిషాల లెక్కలో కాబట్టి ఆ పూత చాలు. ఏళ్ల తరబడి నడవాల్సిన టర్బైనుకు అది చాలదు.

మరి నికెల్‌కు అంత ప్రాముఖ్యం ఎందుకు వచ్చింది?

ఇనుము 912 డిగ్రీల వద్ద తన స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకుంటుంది, నికెల్ కరిగేదాకా ఒకే నిర్మాణంలో ఉంటుంది. ఆ నిర్మాణం కిక్కిరిసినది కాబట్టి పరమాణువుల తిరుగుడు అందులో నెమ్మది. క్రోమియం, కోబాల్ట్, మాలిబ్డినం, టంగ్‌స్టన్, రీనియం వంటి వాటిని పెద్ద మోతాదులో తనలో ఇముడ్చుకోగల ఉదారత కూడా దానికుంది. ఇవన్నీ ఒక ఎత్తు, గామా ప్రైమ్ ఒక ఎత్తు. నికెల్‌లో తగినంత అల్యూమినియం, టైటానియం కలిపి వేడిచేసి చల్లారిస్తే, మూడు నికెల్ పరమాణువులకు ఒక అల్యూమినియం చొప్పున క్రమంగా అమరిన సన్నటి ఘనాకార కణాలు లోహమంతటా పుట్టుకొస్తాయి. డిస్లొకేషన్ దారిలో ఇవే రాళ్లు. వీటి విశేషం ఏమిటంటే, లోహాలన్నీ వేడికి మెత్తబడుతుంటే ఈ కణాలు దాదాపు 800 డిగ్రీల దాకా వేడెక్కినకొద్దీ మరింత బలపడతాయి. నేటి టర్బైను బ్లేడులో మూడింట రెండు వంతుల భాగం ఈ కణాలే ఉంటాయి. మిగిలిన నికెల్ వాటి మధ్య ఇటుకల నడుమ సున్నంలా సన్నగా మిగులుతుంది.

ఇది ఒక్కరోజులో దొరికిన జ్ఞానం కాదు. 1906లో ఆల్బర్ట్ మార్ష్ పేటెంటు పొందిన నైక్రోమ్ 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. మన హీటర్ కాయిల్ నేటికీ ఆ కుటుంబానిదే. ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజను కోసం 1940ల మొదట్లో ఇంగ్లండులో తయారైన నిమోనిక్ 80 ఆ నైక్రోమ్‌కే కాస్త టైటానియం, అల్యూమినియం చేర్చగా వచ్చింది. వేడికి ఎర్రబడే కాయిల్ నుంచి విమానం ఎగరేసే బ్లేడు దాకా వంశవృక్షం ఒక్కటే.

బలం పెరిగినకొద్దీ పనికి లొంగదంటారు. అంత కచ్చితంగా ఎందుకలా జరుగుతుంది?

వేడిలో వంగకూడదని అన్ని ఏర్పాట్లూ చేసిన లోహాన్ని మళ్లీ వేడిచేసి వంచబోతున్నాం కాబట్టి. కమ్మరి కొలిమిలో ఇనుమును ఎర్రగా కాల్చి డాకలి మీద పెట్టి సాగగొట్టగలుగుతున్నాడంటే, ఆ వేడికి ఇనుము మెత్తబడుతోందన్నమాట. సాధారణ ఉక్కును 1250 డిగ్రీల నుంచి 850 దాకా దిగేవరకు కొట్టవచ్చు. అంటే తీరిగ్గా 400 డిగ్రీల వ్యవధి ఉంటుంది. గామా ప్రైమ్ ఎక్కువగా ఉన్న మిశ్రలోహానికి ఈ వ్యవధి రెండు వైపుల నుంచీ కుంచించుకుపోతుంది. కింది వైపు గామా ప్రైమ్ కణాలు మళ్లీ పుట్టి లోహం బిగుసుకుంటుంది, కొడితే పగులుతుంది. పై వైపు స్ఫటికాల సరిహద్దుల్లో తేలిగ్గా కరిగే పదార్థం ముందే ద్రవమైపోతుంది, కొడితే చిట్లుతుంది. మిగిలేది ఒక్కోసారి వంద డిగ్రీలకు అటూఇటూ. కొలిమి నుంచి ప్రెస్సు దాకా మోసుకొచ్చే లోపల దిమ్మ ఉపరితలం అందులో సగం పోగొట్టుకుంటుంది. అందుకే దిమ్మకు గాజుపూత పూస్తారు, సిరామిక్ ఉన్ని కప్పుతారు, కొన్నిటిని స్టీలు డబ్బాలో పెట్టి డబ్బాతో సహా నొక్కుతారు.

ఈ చిక్కుకు నాకు తెలిసిన అందమైన పరిష్కారం ఇంకొనెల్ 718. అమెరికాలోని హంటింగ్టన్‌లో హెర్బర్ట్ ఐసెల్‌స్టీన్ దీనిని రూపొందించాడు, పేటెంటు 1962లో వచ్చింది. అంతకుముందు మిశ్రలోహాల్లో గామా ప్రైమ్ నిమిషాల్లో పుట్టేది, వెల్డు చల్లారుతుండగానే లోహం బిగుసుకుని పక్కనే పగిలేది. 718లో బలాన్నిచ్చే పని ప్రధానంగా 5 శాతం నియోబియానికి అప్పగించారు. నియోబియం వల్ల పుట్టే గామా డబుల్ ప్రైమ్ కణాలు చాలా నిదానంగా, గంటల మీద పుడతాయి. ఆ బద్ధకమే దాని గొప్పతనం. సుమారు 955 నుంచి 980 డిగ్రీల వద్ద సొల్యూషన్ ట్రీట్‌మెంట్ చేసిన, అంటే బలాన్నిచ్చే కణాలు లోహంలో కరిగిపోయేలా వేడిచేసి చల్లార్చిన 718ను రేకుగా వంచవచ్చు, వెల్డు చేయవచ్చు, మరమత్తు చేయవచ్చు. పనంతా అయ్యాక 720 డిగ్రీల వద్ద 8 గంటలు, ఆపైన 620 డిగ్రీల వద్ద మరికొన్ని గంటలు ఏజింగ్ చేస్తే, అంటే ఆ కణాలు పుట్టేలా వేడిలో ఉంచితే, అదే వస్తువు లొంగుబాటు బలం (శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి) రెండింతలు దాటుతుంది. మెత్తదనం కార్ఖానాలో, గట్టిదనం ఇంజనులో. రెండూ ఒకే లోహంలో ఉన్నా ఒకే వేళలో ఉండవు. మిశ్రలోహ రూపకల్పనలో సగం విద్య ఈ వేళలు విడదీయడమేనని నా అభిప్రాయం.

దీనికి మూల్యం లేకపోలేదు. 650 డిగ్రీలు దాటితే గామా డబుల్ ప్రైమ్ ముతకబారి డెల్టా అనే వేరే రూపంలోకి మారుతుంది, బలం దిగిపోతుంది. అందుకే 718 చక్రాలకు, కవచాలకు, బోల్టులకు పనికొస్తుంది గాని మంటకు ఎదురుగా నిలిచే బ్లేడుకు కాదు.

సుత్తికి అసలే లొంగని మిశ్రలోహాలను ఎలా మలుస్తారు?

మొదటి దారి కొట్టడం మానేసి పోత పోయడం. ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజా కళాకారులు డోక్రా బొమ్మలు చేసే తీరు తెలిసినవారికి ఇది కొత్త కాదు. మైనంతో రూపం చేసి, చుట్టూ మట్టి పట్టించి, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. టర్బైను బ్లేడుకూ పద్ధతి అదే. మట్టికి బదులు సిరామిక్ పొరలు, కొలిమికి బదులు వాక్యూమ్ ఫర్నేసు ఉంటాయి. బ్లేడు లోపల గాలి తిరగాల్సిన సన్నటి దారుల కోసం సిరామిక్ కోర్ పెట్టి, పోత అయ్యాక క్షారంలో కరిగించి తీసేస్తారు.

రెండో దారి పొడి. పెద్ద దిమ్మ చల్లారేటప్పుడు మూలకాలు ఒకచోట ఎక్కువ, మరోచోట తక్కువగా పేరుకుంటాయి. అదే ద్రవాన్ని వాయువుతో చిమ్మి పొడిగా చేస్తే ప్రతి రేణువూ క్షణంలో గడ్డకడుతుంది కాబట్టి పేరుకునే వ్యవధే ఉండదు. ఆ పొడిని డబ్బాలో పెట్టి వేడి, పీడనం కలిపి కుదిస్తే చాలా సన్నటి స్ఫటికాలున్న దిమ్మ వస్తుంది.

మూడో దారి ఐసోథర్మల్ ఫోర్జింగ్. సన్నటి స్ఫటికాలున్న లోహాన్ని తగిన వేడిలో చాలా నెమ్మదిగా నొక్కితే చపాతీ పిండిలా సాగుతుంది. దీనిని సూపర్‌ప్లాస్టిసిటీ అంటారు. షరతు ఒక్కటే, అచ్చు కూడా దాదాపు లోహమంత వేడిగా ఉండాలి, లేకపోతే అచ్చుకు తగిలిన చోట లోహం చల్లబడి బిగుస్తుంది. డీఎంఆర్‌ఎల్ తన 2000 టన్నుల ఐసోథర్మల్ ఫోర్జ్ ప్రెస్సు మీద, కష్టంగా లొంగే టైటానియం మిశ్రలోహంతో, అడోర్ ఇంజను హై ప్రెషర్ కంప్రెసర్‌లోని ఐదు దశల డిస్కులనూ చేయగలిగినట్టు 2021 మే నెలలో ప్రకటించారు. జాగ్వార్, హాక్ విమానాలను నడిపే ఇంజను అదే.

సింగిల్ క్రిస్టల్ బ్లేడు అంటే ఏమిటి? మన దగ్గర తయారవుతుందా?

సరిహద్దులే బలహీనమైతే సరిహద్దులు లేని లోహం చేద్దామన్న ఆలోచన అది. 1960ల్లో విమాన ఇంజన్లు చేసే ప్రాట్ అండ్ విట్నీ సంస్థలో ఫ్రాంక్ వెర్‌స్నైడర్ బృందం మొదట స్ఫటికాలన్నీ బ్లేడు పొడవునా నిలువుగా పెరిగేలా చేసింది, తరువాత ఒకే స్ఫటికం మిగిలేలా చేసింది. మూస అడుగున చల్లటి రాగి పలక ఉంటుంది. అక్కడ ఎన్నో స్ఫటికాలు మొలుస్తాయి, పైన ఒక మెలికల దారి ఉంటుంది. ఆ మెలికలు దాటేసరికి పోటీలో ఒక్కటే మిగిలి, మూసను ఫర్నేసు నుంచి నిమిషానికి కొద్ది మిల్లీమీటర్ల చొప్పున కిందికి దించుతుంటే అదే బ్లేడంతా ఆక్రమిస్తుంది.

లాభం క్రీప్ ఒక్కటే కాదు. సరిహద్దులు లేవు కాబట్టి వాటిని గట్టిపరచడానికి కలిపే బోరాన్, కార్బన్, జిర్కోనియం చాలావరకు అక్కర్లేదు. అవి ముందే కరిగే పదార్థాన్ని పుట్టించేవి, అవి పోయాక బ్లేడును మరింత వేడిలో హీట్ ట్రీట్ చేయవచ్చు. స్ఫటికాన్ని సరైన దిశలో పెంచితే ఆ దిశలో లోహం కాస్త సాగేగుణంతో ఉండి, వేడెక్కుతూ చల్లారుతూ ఉన్నప్పుడు పుట్టే ఒత్తిడి తగ్గుతుంది.

ఇక రెండో ప్రశ్నకు జవాబు అవును. నికెల్ సూపర్‌అల్లాయ్‌తో, అంటే పైన చెప్పిన జాతి వేడికి ఓర్చే మిశ్రలోహంతో, హెలికాప్టర్ ఇంజనుకు కావలసిన సింగిల్ క్రిస్టల్ హై ప్రెషర్ టర్బైను బ్లేడులను డీఎంఆర్‌ఎల్ తయారుచేసి, మొత్తం ఐదు సెట్లలో, అంటే 300 బ్లేడులలో, మొదటి 60ని 2021 ఏప్రిల్‌లో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌కు అందజేసింది.

ఇంజనులో వాయువు వేడి 1500 డిగ్రీలు దాటితే బ్లేడు ఎందుకు కరగదు?

వాయువు అంత వేడిగా ఉన్నా లోహాన్ని అంత వేడెక్కనివ్వరు. బ్లేడు లోపల కంప్రెసర్ నుంచి తెచ్చిన గాలి తిరుగుతుంది, సన్నటి రంధ్రాల నుంచి బయటికొచ్చి ఉపరితలం మీద పల్చటి దుప్పటిలా కప్పుతుంది. దాని కింద యట్రియా కలిపిన జిర్కోనియా అనే సిరామిక్ పూత ఉంటుంది, ఆ పూత లోహానికి అతుక్కోవడానికి మధ్యలో అల్యూమినియం అధికంగా ఉన్న మరో పొర ఉంటుంది. ఆ గాలి కూడా వందల డిగ్రీల వేడిదే. దానిని "చల్లటి గాలి" అనడం ఈ వృత్తిలో మాత్రమే చెల్లుతుంది.

క్రోమియం ఎంత ఎక్కువైతే అంత మంచిదా?

తుప్పు వరకు చూస్తే చాలాదూరం అవును. క్రోమియం ఆక్సైడు లోహాన్ని అంటిపెట్టుకుని కాపాడుతుంది. కానీ 1000 డిగ్రీల ప్రాంతం నుంచి ఆ పొర ఆవిరవుతూ తరుగుతుంది, అక్కడ అల్యూమినియం ఆక్సైడు కావాలి. పైగా రీనియం, టంగ్‌స్టన్ బాగా కలిపిన మిశ్రలోహంలో క్రోమియం ఎక్కువైతే ఏళ్ల మీద సూదుల్లాంటి పెళుసు రూపాలు లోపల పుట్టి ప్రాణం తీస్తాయి. అందుకే బ్లేడు లోహంలో క్రోమియం తగ్గించి, ఆ బాధ్యతను పూతకు వదిలారు. సముద్రతీరంలో పనిచేసే టర్బైన్లకు మాత్రం ఈ లెక్క కుదరదు. ఉప్పుగాలి, ఇంధనంలోని గంధకం కలిసి ద్రవరూప సల్ఫేటుగా బ్లేడు మీద పేరుకుని ఆక్సైడును తినేస్తాయి కాబట్టి అక్కడ క్రోమియం మళ్లీ ఎక్కువ కావాలి.

ఒకే లోహాన్ని రెండుసార్లు, మూడుసార్లు కరిగిస్తారట. ఎందుకంత ఖర్చు?

బిస్మత్, సీసం వంటివి పది లక్షల పాళ్లలో కొద్ది పాళ్లున్నా స్ఫటికాల సరిహద్దుల్లో చేరి క్రీప్ ఆయుష్షును కోసేస్తాయి. వంటలో ఉప్పు ఎక్కువైతే తెలుస్తుంది, ఇక్కడ ఎక్కువైన సంగతి వస్తువు విరిగాక గాని తెలియదు. మొదట వాక్యూమ్ ఇండక్షన్ ఫర్నేసులో కరిగించి కూర్పు సరిచేస్తారు, గాలి తగలనివ్వరు కాబట్టి అల్యూమినియం, టైటానియం మాడిపోవు. రెండోసారి, ఆ కడ్డీనే ఎలక్ట్రోడుగా పెట్టి కరిగిన స్లాగు గుండా చుక్కలు చుక్కలుగా కరిగిస్తే గంధకం, ఆక్సైడు నలుసులు స్లాగులో ఉండిపోతాయి. మూడోసారి వాక్యూమ్ ఆర్క్‌లో కరిగించేది దిమ్మ అడుగు నుంచి పైకి క్రమంగా గడ్డకట్టడానికి. 718 వంటి వాటిలో దిమ్మ వ్యాసం పెరిగితే నియోబియం అధికంగా ఉన్న చారలు పడతాయి. తరువాత ఎంత కొట్టినా, ఎంత కాల్చినా అవి పోవు, దిమ్మ పారేయాల్సిందే.

ఈ యంత్రాలన్నీ ఒకచోట ఉన్న కార్ఖానా కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్. 1973లో ఏర్పడింది, జనం నోట మిధాని అయింది. అక్కడి నికెల్ మిశ్రలోహాలు సూపర్నీ అనే పేరుతో వస్తాయి.

కోనసముద్రం ఉక్కు ప్రపంచ ప్రసిద్ధం కదా, అది వేడిని తట్టుకునేదా?

లేదు. కానీ ఈ ప్రశ్న మరోవైపు నుంచి విలువైనది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కాచిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. అందులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. ఐరోపా కమ్మరులు దీనిని తమ ఉక్కులాగే తెల్లగా కాల్చి కొడితే ముక్కలు ముక్కలయ్యేది, కార్బన్ ఎక్కువ కాబట్టి ఆ వేడికి లోపల కొంత భాగం అప్పటికే కరగడం మొదలవుతుంది. మన ప్రాంతంలోనూ పర్షియాలోనూ కమ్మరులు దానిని మసక ఎరుపు దాటనివ్వకుండా, ఓపికగా కొట్టేవారు. ఇరుకైన ఉష్ణోగ్రతా వ్యవధిలో మొండి లోహాన్ని మలచడమనే సమస్య వారికీ అదే, మనకూ అదే. 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో ఓలెగ్ షెర్బీ, జెఫ్రీ వాడ్స్‌వర్త్ ఇంత కార్బన్ ఉన్న ఉక్కును సన్నటి స్ఫటికాలతో తయారుచేస్తే సూపర్‌ప్లాస్టిక్‌గా సాగుతుందని చూపారు.

పదేళ్లు నిలుస్తుందని పదేళ్లు ఆగకుండా ఎలా చెబుతారు?

ఎక్కువ వేడిలో తక్కువ కాలం పరీక్షించి లెక్కకడతారు. 1952లో లార్సన్, మిల్లర్ ఇచ్చిన సూత్రం ప్రకారం, కెల్విన్లలోని ఉష్ణోగ్రతను, 20కి గంటల లాగరిథం కలిపిన మొత్తంతో గుణిస్తే వచ్చే అంకె ఒకే ఒత్తిడి కింద దాదాపు మారదు. ఉదాహరణకు 727 డిగ్రీల వద్ద, అంటే 1000 కెల్విన్ల వద్ద, ముక్క 100 గంటలకు తెగితే ఆ అంకె 22,000. అదే ఒత్తిడికి 10,000 గంటలు నిలవాలంటే 22,000ను 24తో భాగించాలి. సుమారు 917 కెల్విన్లు, అంటే 644 డిగ్రీలు వస్తాయి. నాలుగు రోజుల పరీక్షతో పద్నాలుగు నెలల సంగతి తెలిసినట్టయింది. అయితే ఈ లెక్కను మరీ దూరం సాగదీయకూడదు. వేడి పెరిగినప్పుడు లోపలి నిర్మాణమే మారిపోయే లోహానికి ఇది అబద్ధం చెబుతుంది.

థర్మల్ కేంద్రాల పైపులకు కూడా ఇలాంటి లోహాలే వాడతారా?

అక్కడ డబ్బు ముఖ్యం, బరువు కాదు, కాబట్టి వీలైనంతవరకు ఉక్కుతోనే నెట్టుకొస్తారు. 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం, కొద్దిగా వనేడియం, నియోబియం, నైట్రోజన్ ఉన్న గ్రేడ్ 91 ఉక్కు సుమారు 600 డిగ్రీల ఆవిరిని మోస్తుంది. రామగుండంలోని 800 మెగావాట్ల యూనిట్ల వంటి అల్ట్రా సూపర్‌క్రిటికల్ (చాలా ఎక్కువ వేడి, పీడనం గల ఆవిరితో నడిచే) కేంద్రాలు సాధ్యమైంది ఈ జాతి ఉక్కుల వల్లే. ఆవిరిని 700 డిగ్రీలు దాటించాలంటే మాత్రం నికెల్ తప్పదు. దేశంలోని ఆ ప్రయత్నానికి కావలసిన 617ఎం మిశ్రలోహపు ట్యూబులు మిధాని, హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ (ఎన్‌ఎఫ్‌సీ)ల చేతుల మీదుగానే వచ్చాయి.

గ్రేడ్ 91 విషయంలో ఒక హెచ్చరిక. దాని బలమంతా హీట్ ట్రీట్‌మెంట్‌లో ఉంది. ఒక కేంద్రంలో వెల్డు తరువాత వేడిచేస్తుండగా ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఊడి పక్కకు జారింది. మీటరు తక్కువ చూపుతోందని ఆపరేటరు వేడి పెంచుతూ పోయాడు. పైపు పైకి చక్కగానే ఉంది, హార్డ్‌నెస్ కొలిస్తే మామూలు ఉక్కు అంత మెత్తగా తేలింది. ఆ ముక్క కోసి కొత్తది వేయడానికి ఎవరికీ మనసొప్పలేదు గాని, వేయక తప్పలేదు.

టైటానియం తేలిక కదా, అది ఎంతవరకు పనికొస్తుంది?

మామూలు టైటానియం మిశ్రలోహాలు 400 డిగ్రీల లోపల, ప్రత్యేకమైనవి 600 దాకా. ఆపైన టైటానియం ప్రాణవాయువును తనలోకి పీల్చుకుని పెళుసవుతుంది. అల్యూమినియం ఎక్కువగా కలిపిన టైటానియం అల్యూమినైడ్లు ఇంకా పైకి వెళతాయి, నికెల్ మిశ్రలోహంలో సగం బరువే తూగుతాయి, జెన్‌ఎక్స్ అనే విమాన ఇంజను లో ప్రెషర్ టర్బైను బ్లేడులుగా ఇప్పటికే ఎగురుతున్నాయి. వాటి దోషం చల్లగా ఉన్నప్పటి పెళుసుదనం. ఆ దోషాన్ని నియోబియంతో తగ్గించే ప్రయత్నాల్లోనే 1988లో డీఎంఆర్‌ఎల్‌కు చెందిన దీపాంకర్ బెనర్జీ, ఆయన సహచరులు అంతవరకు ఎవరికీ తెలియని ఓ-ఫేజ్ అనే కొత్త స్ఫటిక రూపాన్ని కనుగొన్నారు. రెండు టైటానియం, ఒక అల్యూమినియం, ఒక నియోబియం నిష్పత్తిలో ఉండే ఈ రూపం మీద ఆధారపడి ఒక మిశ్రలోహాల కుటుంబమే తరువాత పెరిగింది. హైదరాబాదు గురించి గొప్పగా చెప్పుకునే జాబితాల్లో ఇది ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ఇంకొనెల్ ముక్క లేతు మీద పెడితే టూల్ నిమిషాల్లో పోతోంది. ఏం చేయాలి?

వేగం తగ్గించండి, ఫీడు (ఒక్కో చుట్టుకు టూల్ ముందుకు జరిగే దూరం) తగ్గించకండి. ఈ లోహం కోతకు గురైన చోటనే గట్టిపడుతుంది. టూల్ అంచు రాసుకుంటూ తచ్చాడితే తరువాతి చుట్టు ఆ గట్టిపడిన పొరనే కోయాల్సివస్తుంది. కాబట్టి తక్కువ వేగంతో, పొర కిందికి దిగేంత లోతు, ఫీడు ఇచ్చి, మధ్యలో ఆగకుండా కోయాలి. వేడి కూడా చిప్పుతో పోదు. మామూలు ఉక్కు కంటే 718కు ఉష్ణవాహకత నాలుగు, ఐదు రెట్లు తక్కువ కాబట్టి వేడంతా టూల్ కొన మీదే నిలుస్తుంది. పదునైన కార్బైడు, ఒత్తిడితో కొట్టే కూలెంట్ తప్పనిసరి. వీలైతే ఎక్కువ కోతను ఏజింగ్‌కు ముందే ముగించి, తుది కొలతకు కొద్దిగా మాత్రమే మిగుల్చుకోండి.

త్రీడీ ప్రింటింగ్ వచ్చాక ఈ కష్టాలు తీరినట్టేనా?

718కు చాలావరకు. ప్రింటింగ్ అంటే లక్షల చిన్న వెల్డులు కాబట్టి వెల్డుకు లొంగేదే ప్రింటుకూ లొంగుతుంది. హైదరాబాదుకు చెందిన స్కైరూట్ సంస్థ 2021లో పరీక్షించిన ధవన్-1 క్రయోజెనిక్ ఇంజను సూపర్‌అల్లాయ్‌తో ప్రింటు చేసినదే. గామా ప్రైమ్ నిండా ఉన్న బ్లేడు మిశ్రలోహాలు మాత్రం ప్రింటు చేసేటప్పుడు పగులుతూనే ఉన్నాయి. వెల్డు దగ్గర పగిలేది లేజరు దగ్గరా పగులుతుందన్నమాట.

నికెల్‌ను మించినది ఏదైనా వస్తోందా?

2004లో మొదలైన హై ఎంట్రోపీ మిశ్రలోహాల్లో, అంటే ఏ ఒక్కటీ ప్రధానం కాకుండా నాలుగైదు లోహాలను దాదాపు సమపాళ్లలో కలిపినవాటిలో, ఒక శాఖ ఆశ రేపుతోంది. నియోబియం, మాలిబ్డినం, టాంటలం, టంగ్‌స్టన్ సమపాళ్లలో కలిపినది 1600 డిగ్రీల వద్ద కూడా బలంగా ఉంది, కానీ గది ఉష్ణోగ్రతలో పెళుసు. హాఫ్నియం, నియోబియం, టాంటలం, టైటానియం, జిర్కోనియం కలిపినది చల్లగానే చక్కగా అణుగుతుంది, కానీ వేడిలో అంత బలం లేదు. పాత తగువు కొత్త పేరుతో వచ్చింది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ కృషి చేసిన మరో దారి, యట్రియా నలుసులను ఉక్కు పొడిలో బంతి మిల్లుతో నూరి కలిపే ఓడీఎస్ ఉక్కు. ఆ నలుసులు లోహంలో కరగవు కాబట్టి ఎంత వేడికైనా అడ్డంకులుగా నిలుస్తాయి.

ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది?

ఐఐటీ హైదరాబాద్, వరంగల్ ఎన్‌ఐటీ, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లలో మెటలర్జీ ఉంది. కంప్యూటర్ సైన్సు సీటు రాలేదని ఇందులో చేరినవారిలో కొందరు తరువాత దీనిని వదలలేకపోవడం నేను చూశాను.

పాత సామాను దుకాణంలో దొరికిన ముక్క సూపర్‌అల్లాయో కాదో అయస్కాంతంతో తెలుస్తుందా?

తెలియదు. 718 అయస్కాంతానికి అంటదు, మామూలు 304 స్టెయిన్‌లెస్ స్టీలూ అంటదు. వింతేమిటంటే శుద్ధమైన నికెల్ అంటుతుంది. ఎక్స్‌రే గన్ పెట్టి చూస్తే నికెల్, క్రోమియం, నియోబియం శాతాలు కొన్ని సెకన్లలో వస్తాయి గాని కార్బన్, బోరాన్ అది చూడలేదు, ఏజింగ్ జరిగిందో లేదో అసలే చెప్పలేదు. దానికి హార్డ్‌నెస్ కొలవాలి. ఏజింగ్ అయిన 718 రాక్‌వెల్ సి స్కేలు మీద 40 దరిదాపుల్లో ఉంటుంది, కానిది దానికి చాలా కిందన ఉంటుంది. ఈ రెండూ సరిపోయినా, ఏ కరిగింపు నుంచి వచ్చిందో చెప్పే హీట్ నంబరు, సర్టిఫికెట్ లేని ముక్కను తిరిగే యంత్రంలో ఎన్నడూ వాడకండి. కొలిమి పటకారుకో, జిగ్గుకో వాడుకోవచ్చు.